ఒకే అమానతుకు ఇద్దరు కాపరులు

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే. ఆయన చివరి ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వ సల్లం వారిపై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కురియుగాక!

 

మన ఇళ్ళల్లో టీచరు ఉద్యోగం చేసేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. డి.ఎస్.సి. రాసి ప్రభుత్వ పాఠశాలలో చేరినవారున్నారు. ఉర్దూ మీడియం బడుల్లో పనిచేసేవారున్నారు. ఇంటి దగ్గరి ప్రైవేటు స్కూల్లో తక్కువ జీతానికి చెప్పే మన చెల్లెళ్ళు, కోడళ్ళు ఉన్నారు. మదరసాల్లో ఉస్తాదులున్నారు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ వారు చెప్పే మొదటి మాట ఏమిటో ఇంట్లోవారికి బాగా తెలుసు. "ఈ రోజు మా హెడ్మాస్టరు నన్నేమన్నాడో విన్నారా?" అదే వేళకు హెడ్మాస్టరు గారింట్లో ఇంకో మాట వినిపిస్తుంది. "ఈ స్టాఫ్‌తో నేను వేగలేను." రెండు ఇళ్ళల్లోనూ పిల్లలు పక్కనే కూర్చుని హోంవర్కు చేసుకుంటూ ఉంటారు. వాళ్ళకు చెవులున్నాయి.

దీన్ని ఉద్యోగాల గొడవ అనుకుని వదిలేస్తాం. నమాజు, రోజా, జకాతు గురించి ధర్మపండితుల్ని అడుగుతాంగానీ బడిలో పై అధికారితో ఎలా మాట్లాడాలి, కింద పనిచేసేవారిని ఎలా మందలించాలి అని ఎవరూ అడగరు. ఒక బడిలో మూడు నాలుగు వందల మంది పిల్లలుంటే, ఆ పిల్లలందరూ తల్లిదండ్రులు ఆ బడికి అప్పగించిన అమానతు. ఆ అమానతుకు హెడ్మాస్టరు ఒక కాపరి, టీచరు మరో కాపరి. ప్రతి ఒక్కరూ కాపరేననీ, తన మంద గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందనీ దైవప్రవక్త (స) హెచ్చరించిన విషయం మనం జుమా ఖుత్బాల్లో ఎన్నోసార్లు విన్నాం. కాపరులిద్దరూ ఒకరి మీద ఒకరు అలిగి మొహాలు తిప్పుకుంటే మందను చూసేదెవరు?

ఈ విషయంలో మనకు దివ్య ఖుర్ఆన్‌లో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. అది హజ్రత్ మూసా (అ), హజ్రత్ హారూన్ (అ)ల వృత్తాంతం. ఇద్దరూ దైవప్రవక్తలే, ఇద్దరూ అన్నదమ్ములే. కాని ఒక జాతిని నడిపించే పనిలో మూసా (అ)ది నాయకస్థానం, హారూన్ (అ)ది సహాయక స్థానం. వారి మధ్య జరిగింది చదివితే బడి నడిపేవారికీ, బడిలో చెప్పేవారికీ కావలసినదంతా అందులో కనిపిస్తుంది.

మొదట ఆ బంధం ఎలా మొదలయిందో చూడండి. ఫిరౌన్ దగ్గరికి వెళ్ళమని అల్లాహ్ ఆదేశించినప్పుడు మూసా (అ) ఒక సహాయకుణ్ణి కోరుకున్నారు. తన సోదరుడు హారూన్‌ను తనకు తోడుగా ఇమ్మనీ, తన పనిలో అతన్ని భాగస్వామిని చేయమనీ వేడుకున్నారు (తాహా: 29-32). అతనే ఎందుకో కారణం కూడా చెప్పారు. అతను నాకంటే చక్కగా మాట్లాడగలడు అన్నారు (అల్ ఖసస్: 34). అల్లాహ్ ఆ కోరికను మన్నించాడు.

నాయకుడు తనకంటే ఒక విషయంలో మెరుగైనవాణ్ణి తన పక్కన కోరుకున్నాడు! మన బడుల్లో ఏం జరుగుతోంది? ఒక టీచరు లెక్కలు బాగా చెబుతాడని పిల్లలు మెచ్చుకుంటే, తల్లిదండ్రులు ఆయన పేరు ఎత్తితే, హెడ్మాస్టరు మనసులో ఎక్కడో గుచ్చుకుంటుంది. మర్నాటి నుంచి ఆయన లీజర్ పీరియడ్లన్నీ సబ్‌స్టిట్యూషన్‌కు పోతాయి. సెలవు అడిగితే సంతకం పడదు. అందరు హెడ్మాస్టర్లూ ఇలా ఉంటారని కాదు. నేను ఇరవై ఏళ్ళకు పైగా టీచరుగా, ఆ తర్వాత కొన్నేళ్ళు హెడ్మాస్టరుగా పనిచేశాను, కనుక ఈ గుచ్చుకోవడం ఎలా ఉంటుందో నాకు స్వయంగా తెలుసు. దానికి మందు మూసా (అ) చేసిన దుఆలో ఉంది. నా టీచరుకు నాకంటే బాగా వచ్చిన పని నా బడికి లాభమే అనుకోవాలి.

ఇక రెండో ఘట్టం. మూసా (అ) తూర్ పర్వతం మీదికి వెళ్తూ తన స్థానంలో హారూన్‌ను ఉంచి, జాతిని చక్కగా చూసుకోమనీ, చెడగొట్టేవారి దారిన పోవద్దనీ అప్పగించారు (అల్ ఆరాఫ్: 142). ముప్ఫై రాత్రుల గడువు నలభైకి పెరిగింది. ఇంతలో సామిరీ అనేవాడు నగలు కరిగించి ఆవుదూడ బొమ్మను తయారుచేశాడు. జనం దాన్ని పూజించడం మొదలుపెట్టారు. మూసా (అ) తిరిగొచ్చి ఇది చూసి ఆగ్రహంతో, దుఃఖంతో ఊగిపోయారు. చేతిలోని ఫలకాలను కిందపడేశారు. అన్న తల పట్టుకుని తనవైపుకు లాగారు. ఇదంతా జనం ముందే జరిగింది.

అప్పుడు హారూన్ (అ) ఏం చేశారు? ఇక్కడ టీచర్లు కాస్త ఆగి ఆలోచించాలి. ఆయన కోపానికి కోపంతో బదులివ్వలేదు. అలాగని మౌనంగా కూడా ఉండిపోలేదు. ముందు "నా తల్లి కుమారుడా" అని పిలిచారు. ఇద్దరిదీ ఒకే తండ్రి అయినా ఆ సమయంలో తల్లిని గుర్తుచేశారంటే, కోపాన్ని చల్లార్చే మాట కోసం వెదికారన్నమాట అని వ్యాఖ్యాతలు రాశారు. తర్వాత జరిగింది చెప్పారు. జనం తనను బలహీనుడని లెక్కచేయలేదనీ, చంపినంత పని చేశారనీ చెప్పారు. శత్రువులు చూసి సంతోషించేలా తనను అవమానించవద్దన్నారు. తప్పు చేసినవారితో తనను కలిపి లెక్కకట్టవద్దన్నారు (అల్ ఆరాఫ్: 150). తాను గట్టి చర్య ఎందుకు తీసుకోలేదో కూడా దాచలేదు. బనీ ఇస్రాయీల్‌ను చీల్చావని, తన మాట కోసం ఆగలేదని మూసా అంటారేమోనని భయపడ్డానన్నారు (తాహా: 94).

ఎంత మర్యాద, ఎంత స్పష్టత! తన గౌరవాన్ని కాపాడుకున్నారు, నాయకుడి గౌరవాన్ని కూడా కాపాడారు. ఆ మాటలు మూసా (అ)తోనే అన్నారు, ఆయన వెనక ఇంకెవరితోనో కాదు.

మూసా (అ) ఏం చేశారు? విన్నారు. వినగానే చేతులెత్తి తన కోసం, తన అన్న కోసం అల్లాహ్‌ను క్షమాపణ వేడుకున్నారు (అల్ ఆరాఫ్: 151). దుఆలో మొదట తన పేరే ఉంది. కోప్పడింది ఒక మహాప్రవక్త. ఆ కోపం కూడా అల్లాహ్ కోసం వచ్చిందే. అయినా సంజాయిషీ విన్న తర్వాత ఆయన వెనక్కి తగ్గడానికి సిగ్గుపడలేదు. సూరయె తాహాలో మరో విషయం కనిపిస్తుంది. హారూన్ (అ) జవాబు పూర్తవగానే మూసా (అ) సామిరీ వైపు తిరిగి, నీ సంగతేమిటని నిలదీశారు. అన్నదమ్ములిద్దరూ అక్కడే వాదించుకుంటూ ఉండిపోతే అసలు దోషి గుంపులో కలిసిపోయి ఉండేవాడు.

బడిలో కూడా అంతే. పదవ తరగతి ఫలితాలు తగ్గాయనుకోండి. హెడ్మాస్టరు టీచర్లనంటాడు, టీచర్లు హెడ్మాస్టరునంటారు. పిల్లలు జనవరి నుంచి పొగాకు పనికో, మిరపకాయ కోతకో పోతున్నారన్నది, ఆ ఊరి ఉర్దూ బడికి ఏడాదిగా సైన్సు టీచరే లేరన్నది ఎవరూ పట్టించుకోరు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక రోజు మా హెడ్మాస్టరు గారు తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చి, మార్కుల రిజిస్టరు ఇంకా ఇవ్వలేదేమని పిల్లలందరి ముందు గట్టిగా కేకలేశారు. రిజిస్టరు నిజానికి నా దగ్గర లేదు. ఆఫీసు గుమాస్తా తీసుకువెళ్ళాడు. ఆ మాట చెప్పే వ్యవధి కూడా ఆయన ఇవ్వలేదు. పిల్లల ముఖాల్లో నవ్వు కనిపించింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. తర్వాత పదిహేను రోజులు స్టాఫ్ రూంలో, టీ కొట్టు దగ్గర, ఇంట్లో ఆయన గురించే మాట్లాడాను. ఆయన నడక, ఆయన ఇంగ్లీషు, ఆయన పిసినారితనం, ఏదీ వదల్లేదు. తోటి టీచర్లు నవ్వేవారు. నాకు హాయిగా ఉండేది.

మా బడిలో ఉర్దూ చెప్పే పెద్దాయన ఒకరుండేవారు. అందరం మౌల్వీ సాహెబ్ అనేవాళ్ళం. ఒక రోజు జొహర్ నమాజు తర్వాత నన్ను పక్కకు పిలిచి అడిగారు. "బేటా, ఈ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పావు. నీ భార్యకు చెప్పావు, టీ కొట్టువాడికి కూడా చెప్పావట. ఆయనకు చెప్పావా?"

నేను తల దించుకున్నాను.

"మరి నువ్వు తింటున్నదేమిటో తెలుసా?" అన్నారు మెల్లగా. పరోక్షనిందను చచ్చిన సోదరుని మాంసం తినడంతో దివ్య ఖుర్ఆన్ పోల్చిందని (అల్ హుజురాత్: 12) నాకూ తెలుసు. తెలిసే తిన్నాను.

ఆ సాయంత్రం బడి వదిలాక హెడ్మాస్టరు గారి గదికి వెళ్ళాను. కాళ్ళు వణికాయి. "సార్, రిజిస్టరు గుమాస్తా దగ్గరుంది. మీరు పిల్లల ముందు అలా అనడంతో ఆ క్లాసులో నా మాట సాగడం లేదు" అన్నాను. అంతకు మించి మాట రాలేదు. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. ఆ రోజు ఇన్‌స్పెక్షన్ వస్తోందని కబురొచ్చిందట, ఆ కంగారులో అన్నారట. మర్నాడు ప్రేయర్ అయ్యాక మా క్లాసుకు వచ్చి, "మొన్న మాస్టారు గారి తప్పు లేదు, నేనే తెలుసుకోకుండా కోప్పడ్డాను" అని పిల్లలకు చెప్పి వెళ్ళిపోయారు. ఆ క్లాసులో ఆ తర్వాత ఆయనంటే గౌరవం పెరిగిందేగాని తగ్గలేదు. నాకు మాత్రం ఆ పదిహేను రోజుల మాటలు వెనక్కి తీసుకునే దారి లేకపోయింది. ఎవరెవరికి చెప్పానో వారందరి దగ్గరికీ వెళ్ళి సరిదిద్దలేకపోయాను. అల్లాహ్ క్షమించుగాక.

అయితే హెడ్మాస్టరు చెప్పిందానికల్లా తల ఊపడమే వినయమా? కాదు. ధర్మం అంటే శ్రేయోభిలాష అని, అది నాయకుల పట్ల కూడా ఉండాలని దైవప్రవక్త (స) బోధించారు. తప్పు దారిలో పోతున్న పెద్దకు నిజం చెప్పడం అతని పట్ల శ్రేయోభిలాషే. కాని చెప్పే తీరు ఒకటుంటుంది. బద్ర్ సందర్భంలో (క్రీ.శ. 624) హజ్రత్ హుబాబ్ బిన్ ముంజిర్ (రజి) చేసింది సీరా గ్రంథాల్లో చూస్తాం. సైన్యం ఒకచోట విడిది చేసినప్పుడు ఆయన ముందు ఒక ప్రశ్న వేశారు. ఇది అల్లాహ్ ఆదేశమా, లేక యుద్ధ వ్యూహంగా తీసుకున్న నిర్ణయమా అని. వ్యూహమేనని తెలిశాక, ఈ చోటు తగినది కాదని చెప్పి, శత్రువుకు దగ్గరగా ఉన్న బావి దాకా వెళ్ళాలని, ఎందుకో కారణంతో సహా వివరించారు. దైవప్రవక్త (స) ఆ సలహాను స్వీకరించి విడిదిని మార్చారు.

ఆ ప్రశ్న ఎంత అవసరమో చూడండి. చాలా గొడవలు అది అడగకపోవడం వల్లే వస్తాయి. పై నుంచి, అంటే డి.ఇ.ఓ. ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వును హెడ్మాస్టరు చదివి వినిపిస్తే, అది ఆయనే పుట్టించినట్టు టీచర్లు ఆయన మీద విరుచుకుపడతారు. మార్చగలిగింది ఏదో, మార్చలేనిది ఏదో ముందు తెలుసుకోవాలి. మార్చగలిగిన దానికి కారణం చెప్పి, ఇంకో దారి చూపించాలి. టైం టేబుల్ బాగోలేదని స్టాఫ్ మీటింగులో అరవడం తేలిక. రాత్రి కూర్చుని మరో టైం టేబుల్ రాసుకుని వెళ్ళి ఆయన బల్ల మీద పెట్టడానికి కాస్త ఓపిక కావాలి.

ఇప్పుడు హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్ళకు, ప్రైవేటు స్కూళ్ళ కరస్పాండెంట్లకు ఒక మాట. "స్టాఫ్‌ను సంప్రదించి ఒకసారి చేశాను, ఏమైందో చూశారుగా! ఇక నేను చెప్పిందే జరగాలి" అనే మాట నేను చాలా చోట్ల విన్నాను. ఉహుద్ యుద్ధాన్ని గుర్తు తెచ్చుకోండి. క్రీ.శ. 625లో మక్కా సైన్యం దండెత్తి వచ్చినప్పుడు మదీనాలోనే ఉండి ఎదుర్కోవడం దైవప్రవక్త (స)కు ఇష్టంగా ఉండింది. బయటికి వెళ్ళి పోరాడాలని ఎక్కువమంది, ముఖ్యంగా యువకులు పట్టుబట్టారు. ఆయన వారి మాట మన్నించారు. యుద్ధంలో కొండ మీద నిలబెట్టిన యాభై మంది విలుకాళ్ళలో చాలామంది ఆజ్ఞ మీరి కిందికి దిగారు. డెబ్భై మంది దాకా షహీదులయ్యారు. దైవప్రవక్త (స) స్వయంగా గాయపడ్డారు.

సలహా అడగడం ఇక మానేయడానికి ఇంతకంటే పెద్ద సాకు ఏముంటుంది? కాని ఆ తర్వాత అవతరించిన వాక్యాల్లో అల్లాహ్ ఆదేశం ఏమిటంటే, వారిని మన్నించు, వారి కోసం క్షమాభిక్ష వేడుకో, వ్యవహారాల్లో వారిని సంప్రదించు అని (ఆలి ఇమ్రాన్: 159). అదే వాక్యంలో, ఆయనే కఠినుడై, రాతిగుండె కలవాడై ఉంటే జనం ఆయన చుట్టూ ఉండకుండా చెదిరిపోయేవారనే హెచ్చరిక కూడా ఉంది. అంటే సలహా బెడిసికొట్టినా సంప్రదించడం మానకూడదు. తప్పు చేసినవారిని కూడా సలహా అడగాలి. సంప్రదించాక నిర్ణయం తీసుకుని అల్లాహ్ మీద భారం వేయాలని కూడా అందులోనే ఉంది. కనుక హెడ్మాస్టరు చివరికి ఒక నిర్ణయం తీసుకోవాల్సిందే, టీచర్లు దాన్ని తమ సలహాయే అన్నట్టు అమలు చేయాల్సిందే.

మన దేశంలో పెద్దలు ఈ సూత్రాన్ని కాగితం మీద కూడా పెట్టారు. 1866లో దేవ్‌బంద్‌లో ఒక మసీదు ఆవరణలో దానిమ్మ చెట్టు కింద ఒక ఉస్తాదు, ఒక శిష్యుడితో మదరసా మొదలయింది. దాన్ని నడపడానికి మౌలానా ముహమ్మద్ ఖాసిమ్ నానౌత్వీ (రహ్మ) రాసిన ఎనిమిది సూత్రాలు ఉసూలె హష్త్‌గానాగా పేరు పొందాయి. సలహా చెప్పేవారు తమ మాటే నెగ్గాలని పట్టుబట్టకూడదని, ముహ్తమిమ్ అంటే మదరసా నిర్వాహకుడు సంప్రదించాల్సిన విషయాల్లో తప్పక సంప్రదించాలని అందులో ఉంది. ఏ కారణం చేతనైనా ఒకరిని అడగడం కుదరకపోతే, తగినంత మందిని అడిగి ఉంటే చాలు, ఆ ఒకరు అలగకూడదట. ఇది రాసినాయనకు మనుషుల సంగతి బాగా తెలుసు! ఉస్తాదులు ఒకరితో ఒకరు కలిసిపోయే స్వభావం గలవారై ఉండాలని, ఒకరినొకరు చులకన చేసుకునేవారు కాకూడదని ఇంకో సూత్రం. చందాలు, భవనాల గురించి ఆలోచించాల్సిన వేళ, ఉస్తాదుల మనసులు కలవడం గురించి ప్రత్యేకంగా ఒక సూత్రం రాశారు.

జీతం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) బోధన అందరికీ తెలుసు. కరోనా కాలంలో బడులు మూతపడి ప్రైవేటు టీచర్లు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వారికి 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం సాయం ప్రకటించాల్సి వచ్చింది. ఫీజులు ఆగిపోయిన యాజమాన్యాలను తప్పుపట్టలేం. కాని ఉన్న విషయం టీచర్లను కూర్చోబెట్టి చెప్పినవారు, ఫోను ఎత్తడం మానేసినవారు ఇద్దరూ ఆ రోజుల్లో కనిపించారు. బడులు తెరిచాక ఎవరి టీచర్లు తిరిగొచ్చారో మీరే ఆలోచించండి.

చివరిగా తల్లిదండ్రులకు. హెడ్మాస్టరుకు, టీచరుకు మధ్య నిప్పు చాలాసార్లు మన చేతుల మీదుగానే వెళ్తుంది. పిల్లవాడు ఏడుస్తూ ఇంటికొస్తాడు. వాడు చెప్పిందే సత్యమని తండ్రి స్కూటరేసుకుని నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి పోతాడు. ఒక వార్త తెచ్చినప్పుడు ముందు నిజానిజాలు విచారించమని, లేకుంటే తెలియకుండా ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడాల్సి వస్తుందని దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది (అల్ హుజురాత్: 6). హజ్రత్ అలీ (రజి)ని న్యాయాధికారిగా యమన్‌కు పంపినప్పుడు, రెండో పక్షం మాట వినకుండా తీర్పు చెప్పవద్దని దైవప్రవక్త (స) ఉపదేశించారు.

ఈ ఉపదేశం తెలిసి కూడా నేను తప్పాను. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి, మూడో తరగతి టీచరమ్మ తన కూతుర్ని క్లాసు బయట గంటసేపు నిలబెట్టిందని కోపంగా చెప్పాడు. ఊళ్ళో పలుకుబడి ఉన్నవాడు, మసీదు కమిటీలో ఉన్నవాడు. నేను ఆ టీచరమ్మను ఒక్క మాట అడగలేదు. ఆమెను మూడో తరగతి నుంచి తీసి ఒకటో తరగతికి మార్చి, ఆ సంగతి అటెండరుతో కబురు పంపాను. వారం తర్వాత ఆ పిల్ల తల్లే వచ్చి చెప్పింది. పిల్లకు ఆ రోజు వాంతులయ్యాయట. క్లాసులో ఉక్కగా ఉందని టీచరమ్మ వరండాలో గాలికి కూర్చోబెట్టి, మధ్యమధ్య వచ్చి నీళ్ళు తాగించిందట.

ఆమెను పిలిపించి, తలుపు తెరిచే ఉంచి, ఎదురుగా కుర్చీ వేయించి తప్పు ఒప్పుకున్నాను. స్టాఫ్ మీటింగులో కూడా చెప్పాను. ఆమె ఓర్పుగా విన్నది. "ఆ రోజే నన్ను ఒక్కసారి పిలిస్తే చెప్పేదాన్ని కద సార్" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. మూడో తరగతి తిరిగి ఇచ్చాను. ఏడాది చివరిదాకా సలాం చెప్పడంలోగాని, రిజిస్టర్లు వేళకు ఇవ్వడంలోగాని ఆమె ఏ లోటూ చేయలేదు. అప్పటినుంచి ఎంతటివాడు ఫిర్యాదు తెచ్చినా కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆ టీచరు లీజర్ పీరియడ్ దాకా ఆగమనేవాణ్ణి. ఇద్దరి మాటా విన్నాకే నోరు విప్పేవాణ్ణి. చాలా ఫిర్యాదులు ఆ టీ అయ్యేలోపే చల్లారిపోయేవి.

ఆ టీచరమ్మ మాత్రం మరుసటి జూన్‌లో మా బడికి రాలేదు.